మతిమరుపుకు మూలకణ చికిత్స: షరీఅత్ దృష్టిలో రెండు ప్రశ్నలు

బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, గోదావరిఖని ప్రాంతాల బొగ్గుగనుల్లో పనిచేసి పదవీ విరమణ పొందిన తరం నేడు వార్ధక్యంలో ఉన్నది. బావి దిగినంత కాలం ఆ ఇళ్ళవారు భయపడినది పైకప్పు కూలుతుందేమోనని, ఊపిరితిత్తులు చెడిపోతాయేమోనని. ఇప్పుడు కొన్ని ఇళ్ళలో మరొక వ్యాధి చప్పుడు లేకుండా ప్రవేశిస్తున్నది. ముప్ఫై ఏళ్ళు నడిచిన దారిలోనే దిక్కు తోచక నిలబడిపోవడం, అస్ర్ నమాజు చేసి వచ్చి మళ్ళీ వుజూకు కూర్చోవడం, కన్నకొడుకునే “ఎవరు నాయనా నువ్వు?” అని అడగడం దాని లక్షణాలు. ఆ ఇంటివారి బాధ అనుభవించినవారికే తెలుసు.

ఇటువంటి ఇళ్ళకు ఒక ఆశ ఇటీవల తరచుగా చేరుతున్నది. దాని పేరు మూలకణ చికిత్స. స్టెమ్ సెల్ చికిత్స అన్నా ఇదే. రోగి ఎముక మజ్జ నుండో, కొవ్వు నుండో, బిడ్డ పుట్టినప్పటి బొడ్డుతాడు నుండో కొన్ని కణాలు తీసి ఎక్కిస్తే పోయిన జ్ఞాపకం తిరిగి వస్తుందని ప్రకటనలు చెబుతాయి. అనువాదం చేసేవాడినని తెలిసి అటువంటి ఇంగ్లీషు కరపత్రాలు నా వద్దకు తెచ్చి, చదివి చెప్పమన్నవారున్నారు. చదివి చెప్పిన తరువాత వారు అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: “ఇది జాయిజేనా?”

ప్రశ్న మంచిదే, కాని అది సగం ప్రశ్న. కణం ఎక్కడి నుండి వచ్చిందని అడగడం ఎంత ధార్మిక విషయమో, దానివల్ల మేలు కలుగుతుందని రుజువైందా అని అడగడం కూడా అంతే ధార్మిక విషయం. మనం మొదటిదానిని ముఫ్తీల వద్దకు తీసుకొని పోతున్నాము. రెండవదానిని ప్రకటన వేసినవాని మాటకు వదిలివేస్తున్నాము. ఈ వ్యాసంలో రెండింటినీ వరుసగా పరిశీలిద్దాము. ముందుగా వ్యాధి ఏమిటో, మూలకణం ఏమిటో తెలుసుకోవడం అవసరం.

మతిమరుపులన్నీ ఒకటి కావు

మతిమరుపు అనే తెలుగు మాట చాలా విశాలమైనది. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడమూ మతిమరుపే. తాళంచెవి దేనికి ఉపయోగిస్తారో మరచిపోవడమూ మతిమరుపే. మొదటిది వయసుతో చాలామందికి కలిగేది, రెండవది వ్యాధి. ఉర్దూలో అరవై దాటినవారిని ‘సఠియా గయే’ అని తేలికగా అనేస్తారు. అరబ్బీలో వార్ధక్యంలో బుద్ధి సడలడాన్ని ‘ఖరఫ్’ అన్నారు. మానవులలో కొందరు ‘అర్జలుల్ ఉముర్’ అనబడే అతి దుర్బలమైన వయసుకు చేర్చబడతారని, అంతా తెలిసిన తరువాత ఏమీ తెలియని స్థితికి వస్తారని ఖుర్ఆన్‌లో అన్ నహ్ల్ సూరా 70వ ఆయత్, అల్ హజ్ సూరా 5వ ఆయత్ తెలుపుతున్నాయి. ఆ దశ నుండి దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు వేడేవారని బుఖారీ గ్రంథంలో ఉన్నది. కనుక ఈ స్థితి మానవజాతికి కొత్తది కాదు. దీనికి లోనైనవారిని నవ్వులపాలు చేయడానికి మనకు హక్కు లేదు.

ఆధునిక వైద్యం ఈ స్థితిని డిమెన్షియా అంటుంది. ఇది ఒక వ్యాధి పేరు కాదు, అనేక వ్యాధుల ఫలితానికి పెట్టిన పేరు. వాటిలో అధికంగా కనిపించేది ఆల్జైమర్ వ్యాధి. 1906 నవంబరులో జర్మనీలోని ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో అలోయిస్ ఆల్జైమర్ అనే వైద్యుడు, మతి తప్పి మరణించిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి కనుగొన్న మార్పులను వివరించాడు. నాడీకణాల బయట ఒక రకమైన మాంసకృత్తు గడ్డలు, కణాల లోపల చిక్కుపడిన దారాల వంటి పోగులు ఆయనకు కనిపించాయి. నేటికీ ఆ వ్యాధి గుర్తులు ఇవే. మెదడు రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల కలిగే డిమెన్షియా మరొకటి. చేతులు వణికి, నడక మందగించే పార్కిన్‌సన్ వ్యాధి వేరు. అందులో కూడా కొందరికి చివరి దశలో బుద్ధి సడలుతుంది.

భారతదేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం, అనగా సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో ప్రచురితమైన ఒక జాతీయ స్థాయి సర్వే అంచనా వేసింది. అయితే మతి తప్పినట్లు కనిపించే ప్రతివారూ ఈ లెక్కలోకి రారు. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ గ్రంథి మందగించడం, తీవ్రమైన మనోవ్యాకులత, కొన్ని నిద్రమాత్రలు, తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు పుర్రె లోపల పేరుకునే రక్తం కూడా ఇటువంటి లక్షణాలనే కలిగిస్తాయి. వీటికి చికిత్స ఉన్నది. రక్తపరీక్షతోను, తల స్కానింగ్‌తోను బయటపడే కారణాన్ని వదిలి లక్షల రూపాయల చికిత్స కోసం పరుగెత్తడం చాలా పెద్ద నష్టం. ఏ ఆశ వైపు అడుగు వేసినా దానికంటే ముందు వేయవలసిన అడుగు ఇదే.

మూలకణం అంటే ఏమిటి?

మన శరీరంలోని కణాలలో ఎక్కువభాగం ఒక్కొక్క పనికి కట్టుబడినవి. రక్తకణం రక్తకణంగానే ఉంటుంది, చర్మకణం చర్మకణంగానే ఉంటుంది. కొన్ని కణాలు మాత్రం తమవంటి కణాలను పుట్టిస్తూనే, అవసరమైనప్పుడు వేరే రకం కణాలుగా కూడా మారగలవు. వీటినే మూలకణాలు అంటారు. 1961లో కెనడాలోని టొరంటోలో టిల్, మెకల్లక్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల ఎముక మజ్జలో ఇటువంటి కణాలున్నట్లు ప్రయోగం ద్వారా చూపారు.

ఇవి లభించే చోట్లు ముఖ్యంగా మూడు. మొదటిది, పెద్దల శరీరంలోని మజ్జ, కొవ్వు మొదలైనవి, పుట్టిన శిశువు బొడ్డుతాడు, మాయ. వీటి శక్తి పరిమితమైనది. మజ్జలోని రక్త మూలకణం రక్తకణాలను చేస్తుంది గాని మెదడును చేయదు. రెండవది, ఫలదీకరణ జరిగిన కొన్ని రోజులకు ఏర్పడే తొలి పిండం. దానిలోని కణాలు శరీరంలోని ఏ కణంగానైనా మారగలవు. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ వీటిని మొదటిసారి వేరుచేసి పెంచగలిగాడు. మూడవది, జపాన్ శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాక కనుగొన్న మార్గం. ఆయన 2006లో ఎలుక చర్మకణాలను, 2007లో మనిషి చర్మకణాలను వెనుకకు మళ్ళించి, పిండకణాల వంటి శక్తి గలవిగా మార్చాడు. ఇందుకు 2012లో నోబెల్ బహుమతి లభించింది. పిండాన్ని ముట్టకుండానే ఈ శక్తి గల కణం లభించడం వైద్యానికే గాక ధర్మశాస్త్రానికి కూడా ముఖ్యమైన విషయం.

ఫలించిన చోటు

మూలకణ చికిత్స అంతా మోసమని చెప్పడం సత్యానికి దూరం. రక్తపు కాన్సరులోను, కొన్ని పుట్టు రక్తవ్యాధులలోను చేసే ఎముక మజ్జ మార్పిడి నిజానికి మూలకణ చికిత్సే. ఆ మార్గం చూపిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వ్యాధులలో వేలాదిమంది దీనివల్ల బతికి ఉన్నారు.

మన తెలుగునేల మీద కూడా ఒక ఉదాహరణ ఉన్నది. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థలో, సున్నం, ఆమ్లం వంటివి పడి కంటిపాప మీది పారదర్శక పొర చెడిపోయినవారికి 2001 నుండి మూలకణాలతో చికిత్స చేస్తున్నారు. కంటి నల్లభాగానికి, తెల్లభాగానికి నడుమ గల అంచులో ఆ పొరను పునరుద్ధరించే మూలకణాలుంటాయి. బాగున్న కంటి నుండి ఆ అంచును కొద్దిగా తీసి, చెడిన కంటి మీద నాటుతారు. ఆ సంస్థకు చెందిన డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం కణాలను విడిగా ప్రయోగశాలలో పెంచవలసిన అవసరం లేని సులభ పద్ధతిని 2012లో ప్రచురించింది. ఇతర దేశాలవారు కూడా దానిని అనుసరించారు.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన విషయం ఒకటున్నది. కంటి మీది పొర చేసే పని ఒక్కటే, పారదర్శకంగా ఉండడం. అక్కడ చేరిన కొత్త కణాలు ఏమీ నేర్చుకోనక్కరలేదు. మెదడు సంగతి వేరు.

మెదడు విషయంలో చిక్కు

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటాయని లెక్కవేశారు. ఒక్కొక్క కణం వేలాది ఇతర కణాలతో సంబంధం పెట్టుకుంటుంది. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో జ్ఞాపకశక్తికి మెదడు వెనుకభాగపు గదిని స్థానంగా చెప్పాడు. జ్ఞాపకం ఏ గదిలోనూ మూటగట్టి లేదని, కణాల నడుమ సంబంధాలలో పరచుకొని ఉన్నదని, కొత్త విషయాలను పదిలపరచడంలో హిప్పోకాంపస్ అనే భాగానిది పెద్ద పాత్ర అని నేటి శాస్త్రం చెబుతుంది.

దీనిని ఒక హాఫిజ్ ఉపమానంతో సులభంగా గ్రహించవచ్చు. పది సంవత్సరాలు శ్రమించి ఖుర్ఆన్ కంఠస్థం చేసిన హాఫిజ్ మదరసా విడిచిపోతే, ఆయన చోట మరొక విద్యార్థిని కూర్చోబెట్టవచ్చు. చోటు నిండుతుంది గాని కంఠస్థం రాదు. అలాగే హిప్పోకాంపస్‌లో కొత్త కణాన్ని నాటినా, చచ్చిన కణంతో పాటు పోయిన జ్ఞాపకం దానిలో ఉండదు. పైగా వ్యాధి ఆగలేదు గనుక, పాత కణాలను చంపిన పరిస్థితులే కొత్తదానిని కూడా చుట్టుముడతాయి.

పార్కిన్‌సన్ వ్యాధిలో ఆశ కొంత ఎక్కువగా ఉండడానికి కారణం కూడా ఇక్కడే ఉన్నది. ఆ వ్యాధిలో ప్రధానంగా దెబ్బతినేది మెదడులోని ఒక చిన్నచోట డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు. గనిలో పంపు నడిపే మనిషి ఒక్కడు రాకపోతే నీరు నిండుతుంది, మరొక పంపు ఆపరేటర్‌ను దింపితే పని మళ్ళీ సాగుతుంది. పార్కిన్‌సన్ వ్యాధి కొంతవరకు ఇటువంటిది. ఆల్జైమర్ వ్యాధి అట్లా కాదు. అది గనిలోని దారులన్నీ ఒకదాని వెంట ఒకటి కూలిపోవడం వంటిది. దానికి ఒక మనిషి చాలడు.

పార్కిన్‌సన్ వ్యాధిలోనైనా దారి సుగమంగా సాగలేదు. స్వీడన్‌లోని లుండ్ వైద్యులు 1987లో గర్భస్థ పిండాల మెదడు కణాలను రోగుల మెదడులో నాటడం ప్రారంభించారు. కొందరికి మేలు కనిపించింది. అయితే 2001లో అమెరికాలో 40 మంది మీద జరిగిన పరీక్షలో సగం మందికి కణాలు నాటి, మిగతావారికి నాటకుండా శస్త్రచికిత్స జరిగినట్లు మాత్రమే చేసి పోల్చి చూశారు. ఆశించినంత లాభం కనిపించలేదు సరికదా, కణాలు పొందినవారిలో కొందరికి అదుపులేని కదలికలు పట్టుకున్నాయి. ఆ తరువాత పరిశోధకులు ఎంతో జాగ్రత్తతో ముందుకు సాగారు. 2025 ఏప్రిల్‌లో రెండు చిన్న పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. జపాన్‌లోని క్యోటోలో యమనాక పద్ధతి కణాలను ఏడుగురికి నాటారు. అమెరికా, కెనడాలలో పిండ మూలకణాల నుండి తయారుచేసిన కణాలను పన్నెండుమందికి నాటారు. రెండింటిలోనూ ఆ కణాలు బ్రతికి డోపమైన్ చేసినట్లు గుర్తులు కనిపించాయి, పెద్ద ప్రమాదం కలుగలేదు. సంతోషించదగిన వార్తే. అయినా అది పందొమ్మిదిమంది సంగతి. అదీ కదలికల వ్యాధిలోనే గాని మతిమరుపులో కాదు.

ఆల్జైమర్ వ్యాధిలో 2025 మార్చిలో ప్రచురితమైన ఒక పరీక్ష, వ్యాధి తొలిదశలో ఉన్న 49 మందిలో ఎక్కువమందికి దాత మజ్జ నుండి పెంచిన కణాలను రక్తంలోకి ఎక్కించి చూసింది. దాని ముఖ్యోద్దేశం అవి హానికరమా కాదా అని తెలుసుకోవడమే. హానికరం కాదని తేలింది. మేలు సంగతి తేల్చడానికి ఇంకా పెద్ద పరీక్షలు కావాలి. ఇటువంటి కణాలు మెదడులో కొత్త నాడీకణాలుగా మారవు. మహా అయితే వాపును తగ్గించి క్షీణతను మందగింపజేయవచ్చునని పరిశోధకుల ఊహ. నేటివరకు ఆల్జైమర్ రోగికి పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తెచ్చినట్లు రుజువైన మూలకణ చికిత్స ప్రపంచంలో ఎక్కడా లేదు.

మొదటి ప్రశ్న: కణం ఎక్కడిది?

ఈ ప్రశ్న మీద మన ఫుఖహా వైద్యులతో కలిసి చాలా కాలం క్రితమే ఆలోచించారు. 1990 మార్చిలో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ ఆరవ సమావేశం మెదడు కణాల మార్పిడి గురించి ప్రత్యేకంగా ఒక తీర్మానం చేసింది. ఉద్దేశం ఒకరి మెదడును మరొకరికి పెట్టడం కాదని, లోపించిన రసాయనాన్ని తిరిగి అందించడమేనని ముందుగా స్పష్టం చేసి, మూలాన్ని బట్టి తీర్పును విడదీసింది. రోగి స్వంత గ్రంథి నుండి తీసిన కణాలకు అభ్యంతరం లేదు. కణాల కోసం గర్భాన్ని కావాలని తీసివేయడం నిషిద్ధం. దానంతట అది పోయిన గర్భం నుండి, లేక తల్లి ప్రాణం కాపాడడానికి షరీఅత్ అనుమతించిన గర్భస్రావం నుండి, నియమాలకు లోబడి తీసుకోవచ్చు. ప్రయోగశాలలో పెంచిన కణాలైతే, వాటి మూలం ధర్మసమ్మతమైనంత వరకు అభ్యంతరం లేదు.

2003 డిసెంబరులో మక్కాలో జరిగిన రాబితా ఫిఖహ్ అకాడమీ 17వ సమావేశం మూలకణాల గురించే తీర్మానించింది. అనుమతి ఇచ్చిన పెద్దల నుండి, మాయ నుండి, బొడ్డుతాడు రక్తం నుండి, దానంతట అది పోయిన గర్భం నుండి తీసుకోవడాన్ని అనుమతించింది. సంతానం కోసం ప్రయోగశాలలో ఫలదీకరించగా మిగిలిపోయిన పిండాలను కూడా, తల్లిదండ్రులు ఇష్టపూర్వకంగా ఇస్తే అనుమతించింది. కావాలని చేసిన గర్భస్రావాన్ని, కణాల కోసమే పిండాన్ని సృష్టించడాన్ని నిషేధించింది. ఇరాన్‌లో షియా ఉలమా మద్దతుతో రోయాన్ సంస్థ 2003లోనే పిండ మూలకణాలను పెంచింది.

దీనిని బట్టి మొదటి ప్రశ్నకు సమాధానం సులభం. రోగి స్వంత మజ్జ, కొవ్వు, ఇతరులు దానం చేసిన బొడ్డుతాడు, యమనాక పద్ధతి కణాలు - వీటిలో మూలం వల్ల కలిగే అభ్యంతరం లేదు. మన ప్రాంతపు కరపత్రాలలో కనిపించేవి సాధారణంగా ఇవే. అందుచేత “జాయిజేనా?” అన్నవానికి “జాయిజే” అనే సమాధానం వస్తుంది. అతడు ఇంటికి పోయి డబ్బు సమకూర్చే పనిలో పడతాడు. అసలు ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది.

రెండవ ప్రశ్న: ప్రయోజనం రుజువైందా?

చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్న హదీసు ప్రసిద్ధమైనది. ప్రతి వ్యాధికీ ఔషధం ఉన్నదని, ముసలితనానికి మాత్రం లేదని దాని సారాంశం. మందు వెదకమనే ఆజ్ఞతోపాటు మానవ శరీరానికి ఒక హద్దు ఉన్నదనే జ్ఞాపిక కూడా అందులో ఉన్నది. ఆల్జైమర్ వ్యాధి ముసలితనమే కాదు, అది వ్యాధి. కనుక మందు వెదకవలసిందే. అయితే వెదకడం వేరు, దొరికిందని చెప్పేవాని చేతిలో పెట్టడం వేరు.

ఔరంగజేబు కాలంలో సంకలనమైన ‘ఫతావా ఆలంగీరీ’లో హానిని తొలగించే సాధనాలను మూడు తరగతులుగా విభజించారు. మొదటిది నిశ్చితమైనది, ఆకలికి అన్నం, దప్పికకు నీరు వంటిది. రెండవది ఫలిస్తుందని ప్రబలంగా భావించదగినది, సామాన్య వైద్యం ఈ తరగతిలోనిది. మూడవది కేవలం ఊహామాత్రమైనది. మొదటిదానిని విడిచి ప్రాణం పోగొట్టుకోవడం పాపం. మూడవదానిని విడవడం పాపం కాదు సరికదా, తవక్కుల్‌కు అదే తగినది. ఈ విభజనను మన విషయానికి అన్వయిస్తే, రక్తపు కాన్సరులో మజ్జ మార్పిడి రెండవ తరగతిలోకి వస్తుంది. మతిమరుపులో మూలకణాలు నేటి స్థితిలో మూడవ తరగతిని దాటలేదు.

ఇది పుస్తకాల చర్చ కాదు. తండ్రి గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము బ్యాంకులో ఉన్నది. తండ్రి కొడుకును గుర్తుపట్టడం లేదు. ఆ డబ్బుతో ఈ చికిత్స చేయించకపోతే తండ్రిని చేతులారా వదిలేసినవాడినవుతానా అని ఆ కొడుకు రాత్రులు నిద్రపోడు. అతనికి ఫిఖహ్ ఇచ్చే సమాధానం స్పష్టంగా ఉన్నది. రుజువు లేని చికిత్స చేయించకపోవడం తండ్రి పట్ల ద్రోహం కాదు. దానికోసం ఇల్లు అమ్మవలసిన బాధ్యత షరీఅత్ అతనిపై మోపలేదు.

‘అత్యవసరం నిషిద్ధాన్ని కూడా అనుమతిస్తుంది కదా’ అని కొందరు వాదిస్తారు. ఈ సూత్రాన్ని ఉపయోగించిన హనఫీ ఫుఖహా కూడా, నిషిద్ధ వస్తువుతో చికిత్సకు రెండు షరతులు పెట్టారు. అందులో స్వస్థత ఉన్నదని తెలిసి ఉండాలి, దానికి బదులు మరొక మందు లేకుండా ఉండాలి. అనగా అత్యవసర సూత్రం కూడా రుజువు మీదనే నిలబడుతుంది. రెండవ ప్రశ్న తేలకుండా మొదటి ప్రశ్నలో సడలింపు అడగడానికి వీలు లేదు.

రోగి సమ్మతి విషయం ఇంకా గంభీరమైనది. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1992 మేలో జిద్దాలో చేసిన వైద్యచికిత్స తీర్మానం ప్రకారం, సమ్మతించే అర్హత కోల్పోయినవారి మీద, సంరక్షకుల అనుమతి ఉన్నా సరే, వైద్య పరిశోధన జరపరాదు. రుజువు కాని చికిత్స పేరు ఏదైనా, స్వభావం పరిశోధనే. కనుక పూర్తిగా మతి తప్పిన తండ్రి తరఫున కొడుకు చేసే సంతకానికి ఎంత విలువ ఉన్నదో ఆలోచించవలసి ఉన్నది. వ్యాధి తొలిదశలో, తన మంచిచెడులు తానే నిర్ణయించుకోగలిగిన వ్యక్తి ప్రభుత్వం ఆమోదించిన పరీక్షలో తెలిసి పాల్గొంటే అది వేరు విషయం. అది రాబోయే తరాలకు చేసే సేవ కూడా.

దేశ నిబంధనలు కూడా ఇదే దిశలో ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన మూలకణ పరిశోధన మార్గదర్శకాల ప్రకారం, రక్తవ్యాధుల వంటి ఆమోదిత సందర్భాలలో చేసే మజ్జ, రక్త మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగదశలోనివే. వాటిని ఆమోదం పొందిన పరీక్షలలోనే చేయాలి, సామాన్య చికిత్సగా అమ్మరాదు.

రుజువు కాకపోయినా నష్టమేముందని అనుకోవడం పొరపాటు. 2017లో అమెరికా వైద్యులు ముగ్గురు స్త్రీల గాథను ప్రచురించారు. కంటి వ్యాధికి తమ కొవ్వు నుండి తీసిన కణాలను ఫ్లోరిడాలోని ఒక క్లినిక్‌లో 5,000 డాలర్ల చొప్పున చెల్లించి రెండు కళ్ళలోనూ వేయించుకున్న ఆ ముగ్గురూ చూపు కోల్పోయారు. అది ప్రభుత్వ పరీక్షల పట్టికలో నమోదైన పరీక్ష అని వారిలో కొందరు నమ్మారు. నాడీవ్యాధి గల ఒక ఇజ్రాయెల్ బాలునికి రష్యాలో గర్భస్థ పిండాల కణాలు ఎక్కించగా, కొన్నేళ్ళకు అతని మెదడులో ఆ పరాయి కణాల నుండే కణితి పెరిగినట్లు 2009లో ప్రచురితమైంది. కండరాలను చచ్చుబరచే మరొక నాడీవ్యాధికి తయారైన మజ్జకణాల చికిత్స మీద రోగులు ఎంతో ఆశ పెట్టుకున్నారు. అది ఫలిస్తుందనడానికి తగిన రుజువు లేదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ సలహా సంఘంలో 17 మంది తేల్చారు. ఒప్పుకున్నది ఒక్కరే.

ఎక్కించిన తరువాత మా వారు కొంత తేరుకున్నారని చెప్పేవారున్నారు. వారు అబద్ధమాడుతున్నారని అనలేము. ఈ వ్యాధిలో మంచిరోజులు, చెడురోజులు ఉంటాయి. ఆసుపత్రిలో సమయానికి అన్నం, నిద్ర, పలకరించే మనుషులు దొరుకుతారు. ఖర్చుపెట్టిన మనసు కూడా మేలునే వెదుకుతుంది. అందుకే నాటినవారిని, నాటనివారిని పక్కపక్కన పెట్టి పోల్చే పరీక్ష అవసరమవుతున్నది.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు నష్టానికి బాధ్యుడన్నది అబూదావూద్, నసాయీ, ఇబ్నె మాజా గ్రంథాలలోని ఒక హదీసు సారాంశం. ఫలితం తెలియనిదానిని తెలిసినట్లుగా అమ్మడం వ్యాపార నియమాల ప్రకారం కూడా గరర్, అనగా మోసానికి తావిచ్చే అనిశ్చితి. కనుక క్లినిక్ గడప తొక్కేముందు ఈ విషయాలు అడగండి. ఇది ఆమోదిత పరీక్షా, లేక అమ్మే చికిత్సా? పరీక్ష అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నంబరు ఎంత? నీతి సంఘం అనుమతి పత్రం చూపగలరా? పరీక్ష అని చెప్పి రోగి నుండి డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? నష్టం జరిగితే బాధ్యత ఎవరిది? సమాధానం వ్రాతపూర్వకంగా ఇవ్వనివాని నుండి వెనుదిరగడమే మేలు. రిజిస్ట్రీలో నంబరు ఉన్నంత మాత్రాన ఫలితం రుజువైనట్లు కాదని కూడా గుర్తుంచుకోవాలి.

చేతిలో ఉన్న పని

మూలకణాలు చేయలేనిదానిలో కొంత మనం చేయగలము. డిమెన్షియాకు దోహదం చేసే, సరిదిద్దుకోదగిన 14 కారణాలను లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘం 2024లో పేర్కొన్నది. వాటన్నిటినీ అదుపు చేయగలిగితే సుమారు 45 శాతం కేసులను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని దాని అంచనా. రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, మద్యం, వినికిడి లోపం, చూపు లోపం, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం, ఒంటరితనం, చిన్నతనంలో చదువు లేకపోవడం వాటిలో ఉన్నాయి. యంత్రాల హోరులో ఏళ్ళ తరబడి పనిచేసినవారు చెవులు పరీక్ష చేయించుకొని, అవసరమైతే వినికిడి యంత్రం పెట్టుకోవడం మెదడుకు కూడా మేలు. వినపడనివాడు మాటలకు దూరమవుతాడు, మాటలకు దూరమైనవాని బుద్ధి త్వరగా మొద్దుబారుతుంది.

మనకు ప్రత్యేకంగా ఉత్సాహమిచ్చే సంగతి ఒకటున్నది. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా బయటపడింది. చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. ఇటువంటి పరిశీలన ఒక్కటే కారణాన్ని రుజువు చేయదు, నిజమే. అయినా ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మన ఇళ్ళలో ఏ ఒక్క భాషనూ పిల్లలకు తప్పించకపోవడానికి ఇది మరొక మంచి కారణం. లక్షలు పెట్టినా ఏ క్లినిక్‌లోనూ దొరకనిది మన వాకిట్లోనే ఉన్నది.

వ్యాధి వచ్చినవారి విషయంలో, నాడీవ్యాధి వైద్యుడు ఇచ్చే మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం తేలికపరుస్తాయి. అమెరికాలో 2023, 2024 సంవత్సరాలలో ఆమోదం పొందిన కొత్త ఇంజెక్షన్లు తొలిదశలో క్షీణతను కొంత మందగింపజేస్తాయి గాని పోయినదానిని తిరిగి తేవు. మిగిలినది సేవ. బుద్ధి కోల్పోయినవాడు తిరిగి తెలివి పొందేవరకు అతని కర్మలు వ్రాయబడవన్నది ప్రసిద్ధ హదీసు సారాంశం. కనుక నమాజు తప్పిందని, రకాతులు మరచిపోయాడని ఆయనను గద్దించవద్దు. ఆయనకు గుర్తున్నంత చేయనివ్వండి. పిల్లల పేర్లు మరచినవారిలో కూడా చిన్ననాడు నేర్చిన సూరాలు చాలాకాలం నిలిచి ఉండవచ్చు. పక్కన కూర్చొని మొదటి మాట అందిస్తే తక్కినది వారే చదువుకుంటారు. ఆ కాసేపు వారి ముఖంలో కలిగే నెమ్మది ఇంటివారికి కూడా ఊరట.

ఆయన పింఛను, పదవీ విరమణ సొమ్ము సంరక్షకుని చేతిలో అమానత్. బుద్ధిబలం లేనివారి ఆస్తిని కాపాడి, దానిలోనుండి వారికి అన్నవస్త్రాలు సమకూర్చి, వారితో మంచిగా మాట్లాడమని అన్నిసా సూరా 5వ ఆయత్ భావం. ఆ సొమ్ము ముందుగా ఖర్చు కావలసినది వైద్యపరీక్షలకు, మందులకు, రాత్రిపూట కనిపెట్టుకొని ఉండే మనిషికి, జారిపడకుండా ఇంట్లో చేసే ఏర్పాట్లకు. రోజంతా సేవ చేసే కోడలు, కూతురు అలసిపోతారు. వారికి వారంలో ఒకరోజైనా విశ్రాంతి దొరికేలా అన్నదమ్ములు వంతులు వేసుకోవాలి. మస్జిద్‌కు వచ్చే పొరుగువారు కూడా ఒక గంట కూర్చోగలరు.

పరిశోధన సాగుతూనే ఉంటుంది. రేపు పెద్ద పరీక్షలలో ధర్మసమ్మతమైన కణంతో మేలు రుజువైతే ఆ చికిత్స రెండవ తరగతిలోకి వస్తుంది. అప్పుడు దానిని స్వీకరించడంలో మనం వెనుకబడనక్కరలేదు. అంతవరకు “జాయిజేనా?” అని అడిగేవారు దానితోపాటు “రుజువైందా?” అని కూడా అడగాలి. సమాధానం చెప్పే ఉలమా కూడా ఆ రెండవ ప్రశ్నను అడిగించాలి.